పలుకని యంత్రం - అడుగవలసిన ప్రశ్నలు

కర్నూలు-కడప కాలువ క్రింద సేద్యం చేసే పల్లెలలో పుట్టిన విద్యార్థులకు ఒక సంగతి మేము ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. చివరి మడికి నీరందనప్పుడు తెలిసిన రైతు మడిని నిందించడు, మడిని అమ్మివేయడు. పార భుజాన వేసుకొని గట్టు వెంట పైకి నడుస్తాడు. తన మడవ తెరచి వున్నదా? పిల్లకాలువలో పూడిక పేరుకొన్నదా? పై పొలం వాడు అడ్డకట్ట వేసినాడా? తూము ఎత్తినారా? అన్నిటికంటె ముందు, సుంకేసుల వద్ద తుంగభద్రలో నీరున్నదా? ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం దొరికిన కొలది, వెదుకవలసిన చోటు కుదించుకొని వస్తుంది. తుదకు ఎక్కడనో ఒక చోట గండి కనబడుతుంది. నాలుగు పారల మట్టితో పని తీరుతుంది.

నీటి విషయంలో మన తాతలు ఇంత ఓపికతో ఆలోచించినారు. అట్టి మనం కంప్యూటరు ముందు కూర్చున్న మరుక్షణం ఆ ఓపికను ఎందుకు మరచిపోతున్నాం? యంత్రం పలుకకపోతే 'చెడిపోయింది, క్రొత్తది కొనండి' అనడం తప్ప మరొక మాట మన నోట ఎందుకు రావడంలేదు? గత సంవత్సరం మన గ్రంథాలయంలో జరిగిన ఒక చిన్న ఉదంతం ఈ ప్రశ్నను మా ముందు నిలిపింది. అది చూడబోతే ఒక సీడీ రైటరు కథ. కాని దానివలన మనం పోగొట్టుకొన్నదీ, దక్కించుకొన్నదీ రెండూ చిన్నవి కావు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించినాం.

గ్రంథాలయంలో ఒక పాత కంప్యూటరు వున్నది. ధర చెల్లించి కొనవలసిన క్రొత్త వ్యవస్థల బరువును మోయగల శక్తి దానికి లేదు గనుక, ఉచితంగా లభించే లినక్సును అందులో ఎక్కించి కొంతకాలంగా వాడుతున్నాం. దాని ప్రక్కన ఇనుప బీరువాలో కొన్ని పదుల డిస్కులు. పాత వార్షిక సంచికల తెలుగు, ఉర్దూ పుటల ఛాయాచిత్రాలు కొన్నింటిలో వున్నవి. కళాశాలలో జరిగిన ముషాయిరాల ధ్వనిముద్రణలు కొన్నింటిలోను, పదవీ విరమణ చేసిన అధ్యాపకుల వీడ్కోలు ప్రసంగాలు కొన్నింటిలోను వున్నవి. ఒక కార్యాలయం వారు మన గత సంచికలను డిస్కులో వ్రాసి ఫలానా తేదీలోగా పంపవలెనని కోరినారు. డిస్కు పెట్టినాం. దీపం వెలిగింది. తట్ట లోనికి పోయింది. కాని వ్రాయవలసిన ప్రోగ్రాము మాత్రం 'వ్రాయు సాధనం ఏదీ కనబడుటలేదు' అని ఒకే మాట చెప్పి వూరకున్నది.

బజారు నుండి వచ్చిన బాగుచేయువాడు రెండు నిమిషాలు చూచి తీర్పు చెప్పినాడు: 'ఇది లినక్సు సార్. దీంట్లో రైటరు పనిచేయదు. తీసేసి వేరేది ఎక్కిస్తా. లేకుంటే పెట్టె మార్చుకోండి.' గడువు దగ్గరపడినది. మేము తల వూపినాం. నిజం ఒప్పుకొనవలెనంటే, అతని తీర్పులో మాకు కొంత సుఖం కూడ కనిపించింది. తప్పు మనది కాదు, యంత్రానిది అని తేలిపోయింది గదా!

ఆ సమయంలో అక్కడ చదువుకొంటున్న డిగ్రీ విద్యార్థిని ఒకతె మెల్లగా అడిగింది: 'సార్, అది ఏమంటాందో చూసినారా?'

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు. యంత్రం ఏదో అంటూ వుంటుందని కూడ మాకు తోచలేదు. ఆ అమ్మాయి, ఆమె సహాధ్యాయులు ఇద్దరు, మేము - నలుగురం ఆ మధ్యాహ్నం కాలువ గట్టు వెంట నడిచినట్లే నడిచినాం. ఆ నడకను క్రమంగా చెప్పడం ఉపయోగకరమని భావిస్తున్నాం.

మొదటి ప్రశ్న విద్యుత్తును గూర్చినది. రైటరుకు వెనుక రెండు తీగలు వుంటవి. ఒకటి కరెంటు తెచ్చునది, రెండవది సమాచారం మోయునది. దీపం వెలుగుతున్నది, తట్ట కదులుతున్నది గనుక మొదటి తీగ నిర్దోషి. ఇంతమాత్రం చేత రెండవ తీగ కూడ నిర్దోషి అని అనరాదు. మేము చేసిన మొదటి పొరపాటు ఇదే. దీపం వెలిగింది గనుక యంత్రం అంతా సరిగానే వున్నదని, తప్పు లినక్సుదేనని ఊహించుకొన్నాం.

రెండవ ప్రశ్న: ఆ సాధనం వున్న సంగతి వ్యవస్థకు తెలుసునా? లినక్సులో ప్రతి సాధనానికి ఒక పేరు వుంటుంది. నేటి యంత్రాలలో మొదటి సీడీ లేక డీవీడీ డ్రైవును 'ఎస్ఆర్0' అంటారు. ఎల్.ఎస్.బి.ఎల్.కె. అను ఆజ్ఞ ఇచ్చినచో వ్యవస్థ గుర్తించిన డిస్కుల పట్టీ వస్తుంది. మా పట్టీలో హార్డ్ డిస్కు వున్నది, ఎస్ఆర్0 లేదు. ఈ ఒక్క సమాధానంతో సగం అనుమానాలు తొలగిపోయినవి. వ్యవస్థ గర్భంలోని కెర్నెలుకే కనబడని సాధనం పైనున్న ప్రోగ్రాముకు కనబడడం అసంభవం. సుంకేసులలో నీరు లేనప్పుడు మడవ దగ్గర పార ఆడించి ప్రయోజనం ఏమి? అప్పటివరకు మేము చేస్తున్నది అదే. ఒక వ్రాత ప్రోగ్రామును తీసి మరొకదానిని ఎక్కించడం, అదే జవాబును మరల వినడం.

మూడవది, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. లినక్సు కెర్నెలు తనకు ఎదురైన ప్రతి సంఘటనను దినచర్య వ్రాసుకొన్నట్లు వ్రాసుకొంటుంది. డి.ఎం.ఇ.ఎస్.జి. అను ఆజ్ఞతో దానిని చదువవచ్చును. చదివినాం. ఒక మార్గం నుండి సమాధానం ఆలస్యమగుచున్నదని, సంబంధాన్ని త్రెంచి మరల కలుపుచున్నామని, అయినను కలియలేదని, ఒకే అర్థం వచ్చే పంక్తులు వరుసగా పలుమార్లు కనిపించినవి. బాగుచేయువాడు వచ్చిన రోజున కూడ ఆ పంక్తులు అక్కడే వున్నవి. యంత్రం మౌనంగా లేదు. మేము వినలేదు, అంతే.

కంప్యూటరును ఆపి, కరెంటు తీగ ఊడదీసి, పెట్టె తెరచినాం. కర్నూలు వేసవి దుమ్ము సంగతి చెప్పవలెనా! మెత్తటి ఎర్రని పొర, అందులో రెండు బల్లిగ్రుడ్లు. దుమ్ము తుడిచి చూడగా రైటరు నుండి పోవు సమాచారపు తీగ సగం ఊడి వున్నది. పరీక్షల సమయంలో బల్లను ఒక గది నుండి మరొక గదికి జరిపినాం. ఆనాడు కదలి వుండును. తీగను గట్టిగా నొక్కినాం. మరల వెలిగించగా ఎస్ఆర్0 పట్టీలో ప్రత్యక్షమైనది. బాగుచేయువాని తీర్పు ప్రకారం మార్చవలసిన కంప్యూటరులో చెడినది ఏదీ లేదు. ఒక తీగ వదులైనది, అంతే.

కథ ఇక్కడితో ముగిసినచో వ్యాసం వ్రాయనక్కరలేదు. ఒక గండి పూడ్చిన తరువాత నీరు దిగువకు వచ్చినప్పుడే రెండవ గండి కనబడుతుంది. ఇప్పుడు ప్రోగ్రాముకు రైటరు కనబడినది గాని, 'అనుమతి లేదు' అన్నది. లినక్సు ఆది నుండి పలువురు వాడుకొనుటకు ఉద్దేశింపబడిన వ్యవస్థల సంప్రదాయంలోనిది. ఎవరు ఏ సాధనాన్ని తాకవచ్చునో అందులో లెక్క వుంటుంది. పలు లినక్సులలో రైటరును వాడువారు 'సీడీరోమ్' అను సమూహంలో సభ్యులై వుండవలెను. గ్రంథాలయ సిబ్బంది పేరు ఆ సమూహంలో లేదు. చేర్చినాం. అయినను అదే జవాబు. చేర్చిన పిదప ఒకసారి బయటకు వచ్చి మరల లోనికి ప్రవేశించినప్పుడే ఆ సభ్యత్వం అమలులోనికి వస్తుందని తెలియక అరగంట పోగొట్టుకొన్నాం. తెలిసినవారికి ఇది నవ్వు పుట్టించవచ్చును. తెలియనివారికి ఒక అరగంట మిగులుతుందని వ్రాస్తున్నాం.

మూడవ గండి మరల వ్రాయదగిన పాత డిస్కును పెట్టినప్పుడు తగిలింది. 'సాధనం పనిలో వున్నది' అన్నది. అందులో పాత సమాచారం వున్నందున, పెట్టిన వెంటనే తెర వ్యవస్థ దానిని తనంతట తాను తెరచి పట్టుకొన్నది. ఒకరు పట్టుకొన్న డిస్కుపై మరొకరు వ్రాయరాదు. తట్ట మీట నొక్కినను తెరుచుకొనకపోవుటకు కూడ తరచు ఇదియే కారణం. ఎవరు పట్టుకొన్నారో ఎల్.ఎస్.ఓ.ఎఫ్. అను ఆజ్ఞ చెబుతుంది. వదలిపెట్టించినచో తట్ట తెరుచుకొంటుంది. అప్పటికీ తెరుచుకొననిచో యంత్రాన్ని ఆపి, ముఖంపై గల చిన్న రంధ్రంలో సన్నని తీగను గ్రుచ్చి నెమ్మదిగా త్రోయవచ్చును. బలవంతంగా లాగడం మాత్రం పనికిరాదు.

నాలుగవ గండి అన్నిటికంటె ముఖ్యమైనది. ఏలనన అది మన సీమ ఎండకు సంబంధించినది. వ్రాయడం ఆరంభమై, కొంత దూరం పోయి, ఆగిపోయింది. మరొక డిస్కు పెట్టినాం. అదే గతి. ఈ డిస్కులు ఎప్పటివని విచారించగా, మూడు వేసవులుగా రేకుల కప్పు క్రింద బీరువా నెత్తిన వున్నవని తెలిసినది. వ్రాయదగిన డిస్కులో ఒక పలుచని రంగు పొర వుంటుంది. సీడీకి 780 నానోమీటర్ల, డీవీడీకి 650 నానోమీటర్ల లేజరు కిరణం ఆ పొరను వేడిచేసి గుర్తులు పెడుతుంది. పూర్వం తాటాకుపై గంటంతో గీచి మసి రుద్దినట్లే, ఇక్కడ కాంతియే గంటం, రంగే ఆకు. వేడికీ, వెలుతురుకూ ఆ రంగు క్రమంగా చెడుతుంది. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో రేకుల క్రింద మూడేండ్లు మ్రగ్గిన డిస్కు వ్రాయనని మొరాయించుటలో ఆశ్చర్యం ఏమున్నది? చల్లనిచోట వుంచిన క్రొత్త డిస్కు తెచ్చి, రైటరు కంటిని మెత్తగా శుభ్రం చేసి, వేగం తగ్గించి వ్రాసినాం. వ్రాయుటకు ముందు లేజరును వెలిగించకుండ ఉత్తుత్తి వ్రాత చేసి చూచు సౌకర్యం కూడ కలదు. అది అన్ని రకాల డిస్కులకు వర్తించదు గాని, వర్తించు చోట ఒక డిస్కు వృథా కాకుండ కాపాడుతుంది. వ్రాత పూర్తియైన పిదప మూలానికీ ప్రతికీ తేడా లేదని సరిపోల్చి మరీ గడువులోగా పంపినాం.

ఇంతవరకు చెప్పినది సంతోషకరమైన భాగం. ఇక రెండవ భాగం.

రైటరు పలికినది గదా అని, బీరువాలోని పాత డిస్కులన్నిటిని ఒక్కొక్కటిగా పెట్టి చదివించినాం. పెక్కు చక్కగా చదివినవి. కొన్ని తడబడినవి. అట్టివాటికై జి.ఎన్.యు. వారి డీడీరెస్క్యూ అను ప్రోగ్రాము వున్నది. అది ముందు సులభంగా చదువ వీలైన భాగాలన్నిటిని భద్రపరచుకొని, చెడిన చోట్లను పట్టీలో గుర్తుంచుకొని, తరువాత వాటివద్దకు పదే పదే తిరిగి వస్తుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు వ్రాసి, తెలియని వాటికి తరువాత వచ్చు తెలివిగల విద్యార్థి వంటిది. దాని పుణ్యమా అని మరికొన్ని దక్కినవి. రాత్రంతా నడిపినను దక్కనివి కొన్ని మిగిలినవి. అందులో ఒక దానిపై మన ఉర్దూ శాఖలో చాలాకాలం పనిచేసిన ఒక ఉస్తాద్ గారి వీడ్కోలు ప్రసంగం అని వ్రాసి వున్నది. వారు నేడు లేరు. ఆ ప్రసంగం మరొక చోట లేదు. ఆనాడు సభలో కూర్చున్నవారిలో మేమూ వున్నాం. తమ తండ్రిగారి చేతివ్రాతను గూర్చి వారు చెప్పిన మాటలు మాకు అరకొరగా జ్ఞాపకం వున్నవి. కంఠం మాత్రం పోయినది. దానిని పోగొట్టినది లినక్సు కాదు, రైటరు కాదు. ఒకే ప్రతి వుంచి, దానిని రేకుల క్రింద పెట్టి, ఇన్నేండ్లు ఒక్కసారియైనను తెరచి చూడని మన అలసత్వమే దానిని పోగొట్టినది. వ్రాయు యంత్రం చెడినదని తొందరపడినాం గాని, వ్రాసినది చెడుచున్నదని ఎన్నడూ తొందరపడలేదు.

ఈ సందర్భంలో మన సీమతో సంబంధంగల ఒక మహనీయుని తలచుకొనక తప్పదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చినాడు. అక్కడ బంగళా కొని, తన సొంత ధనంతో పండితులను నియమించి, తెలుగు తాళపత్ర ప్రతులను సేకరించి, వ్రాయించి, ఒక ప్రతిని మరొక ప్రతితో సరిచూపించినాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించినాడు. ఆయన గొప్పతనం సేకరణలో మాత్రమే లేదు. ఒకే ప్రతిని నమ్ముకొనకపోవడంలో వున్నది. ఒక ఆకు పురుగు తిన్నచోట మరొక ఆకు నిలిచి వుండవచ్చునని ఆయన ఎరుగును. ఆ బంగళా వున్నచోటనే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం క్రింద నడుస్తున్నది. లేజరు కిరణం లేని కాలంలో బ్రౌను చేయించిన పనిని, లేజరు వున్న కాలంలో మనం చేయలేకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

ప్రతులు వేరు వేరు చోట్ల ఎందుకు వుండవలెనో కర్నూలు వారికి వేరే చెప్పవలసిన పనిలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి పాతనగరాన్ని ముంచినవి. ఆ రాత్రి ఎన్ని ఇండ్లలో తాత ముత్తాతల నాటి ఉర్దూ పుస్తకాలు, పట్టాలు, నిఖానామాలు బురద ముద్దలైనవో ఆ వీధులలోని పెద్దలను అడిగినచో చెబుతారు. కడపకు కూడ 2001లో బుగ్గవంక అదే పాఠం చెప్పినది. ఎనిమిది నెలలు నీటికై ఆకాశం వైపు చూచు ఈ సీమలో, నీరు వచ్చిన రోజున అది మన కాగితాలనే ముందు వెదకుతుంది. కాని ఒకే రాత్రి ఒకే నీరు ఆ రెండూళ్ళను ముంచుట అరుదు. కర్నూలులో ఒక ప్రతి, కడపలో ఒక ప్రతి వున్నచో ఒకటియైనను మిగులుతుంది.

ఇక లినక్సును గూర్చి ఒక మాట. మేము దాని ప్రచారకులం కాము. అది దోషరహితమని చెప్పుటలేదు. దాని సందేశాలు క్లుప్తంగా, ఆంగ్లంలో, తెలియనివారిని భయపెట్టునట్లుగా వుంటవి. అయినను అది దాచదు. ఈ స్వభావం దానికి ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మంచిది. 1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్సు సంస్థ ఒక లేజరు ముద్రణ యంత్రాన్ని బహూకరించింది. దానిలో కాగితం తరచు ఇరుక్కొనేది. అంతకుముందున్న యంత్రానికి రిచర్డ్ స్టాల్మన్ అను యువకుడు ఒక సౌకర్యం కల్పించి వుండెను. ఇరుక్కొన్న వెంటనే ముద్రణకై వేచియున్నవారి తెరపై సందేశం కనబడేది, ఎవరో ఒకరు లేచి సరిచేసేవారు. క్రొత్త యంత్రానికి అట్లే చేయుదమన్నచో దాని ప్రోగ్రాము మూలపాఠం ఇవ్వలేదు. అది వున్న మరొక విశ్వవిద్యాలయంలోని వ్యక్తిని అడుగగా, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చితినని నిరాకరించినాడు. ఈ అనుభవం స్టాల్మన్ మనసులో నాటుకొన్నది. 1983లో ఆయన జి.ఎన్.యు. ఉద్యమాన్ని ప్రకటించినాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెలు దానితో కలిసి నేడు మనం లినక్సు అంటున్న వ్యవస్థ రూపొందినది. అనగా ఒక పలుకని యంత్రాన్ని బాగుచేసికొను హక్కు కొరకు పడిన తపన నుండి ఈ ఉద్యమం పుట్టినది. అట్టి వ్యవస్థను పెట్టుకొని, అది పలుకుచున్నను వినకుండుట మన దోషం గాక మరేమి?

మా మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ చేసినారు. 'డిస్కుల కాలం ముగిసినది. నేటి కంప్యూటర్లలో రైటరే వుండుటలేదు. అన్నీ అంతర్జాలంలోని నిల్వలో పెట్టితే సరిపోవును గదా' అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. డిస్కు శాశ్వతం కాదని మాకు దెబ్బ తగిలియే తెలిసినది. పాతవాటిలో వున్న వస్తువును వెంటనే హార్డ్ డిస్కులకు ఎక్కించవలెను. ఆ పని చేయగల రైటర్లు అరుదగుచున్నవి గనుక మరింత త్వరగా చేయవలెను. అయితే అంతర్జాలపు నిల్వ మనది కాదు, అద్దె ఇల్లు. దాని తాళం ఒక ఉద్యోగి పేరున వుంటుంది. వారు బదిలీయైననాడో, విరమించిననాడో, రుసుము చెల్లించుట మరచిననాడో ఆ ఇంటి తలుపు మూతపడుతుంది. ఇక హార్డ్ డిస్కులో వున్నదానిని ఒక్క వైరసు ఒక్క రాత్రిలో తుడిచివేయగలదు. ఒకసారి వ్రాసి మూసిన డిస్కును తుడుచుట దానికి సాధ్యం కాదు. ప్రతి సాధనానికి ఒక బలం, ఒక బలహీనత వున్నవి. అందుచేత దేనినీ ఒంటరిగా నమ్మరాదు.

మరొక చిక్కు కూడ కలదు. డిస్కు చదివినంత మాత్రాన అక్షరం చదువబడదు. మా పాత సంచికలలో కొన్ని ఛాయాచిత్రాలుగా గాక, ఆ కాలపు ప్రత్యేక అక్షర రూపాలలో కూర్చిన పుటలుగా వున్నవి. తెరచినచో తెలుగుకు బదులు ఆంగ్ల సంజ్ఞల గందరగోళం. ఉర్దూకు బదులు శూన్యం. కాతిబ్ చేతితో వ్రాసిన నస్తాలీఖ్ పుట యాభై ఏండ్ల పిదప కూడ చదువబడుచుండగా, మొన్నటి కంప్యూటరు పుట చదువబడకపోవడం ఎంత విచిత్రం! యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి కూర్పు నుండియే తెలుగు వున్నది. ఉర్దూకు కావలసిన లిపి వున్నది. ఇకమీదట మన సంచిక రెండు విభాగాలూ యూనికోడ్‌లో కూర్చబడవలెను. అప్పుడు ఏ యంత్రంపైనను, ఏ వ్యవస్థలోనైనను రెండు భాషలూ ప్రక్క ప్రక్కన నిలుస్తవి.

కళాశాల పాలక సంఘం వారికి మా విన్నపాలు నాలుగు. మొదటిది: బీరువాలో మిగిలిన డిస్కుల వస్తువు అంతటిని ఈ విద్యా సంవత్సరం ముగియకముందే హార్డ్ డిస్కులకు ఎక్కించి, ఒక ప్రతిని కళాశాల మేడమీది గదిలో, ఒక ప్రతిని 2016లో కర్నూలులో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వారిని కోరి వారి గ్రంథాలయంలో, ఒక ప్రతిని కడప బ్రౌన్ కేంద్రంలో వుంచుటకు ప్రయత్నించవలెను. రెండవది: ప్రతి సంవత్సరం చలికాలంలో ఒక దినం నిర్ణయించి ఆ ప్రతులను తెరచి చదివి చూడవలెను, చూచినట్లు రిజిస్టరులో సంతకం చేయవలెను. మూడవది: యంత్రం చెడినప్పుడు బయటివారిని పిలుచుటకు ముందు విద్యార్థుల చేత పరీక్ష చేయించవలెను. పెట్టె తెరచితే పాడుచేస్తారేమోనను భయం సహజమే. అధ్యాపకుల సమక్షంలో, కరెంటు తీసి, పాత యంత్రాలపై అభ్యాసం చేయించినచో ఆ భయానికి ఆస్కారం వుండదు. నాలుగవది: తరచు కనబడు దోష సందేశాలకు తెలుగులోను, ఉర్దూలోను అర్థాలు వ్రాసి గ్రంథాలయం గోడపై అతికించవలెను. ఆ పట్టీని మా శాఖ, ఉర్దూ శాఖ కలిసి తయారుచేయగలవని మాట ఇస్తున్నాం. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కావలసినది ఎవరో ఒకరు ఇది తమ పని అనుకోవడం మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది ఉర్దూ మాధ్యమం నుండో, పల్లె బడుల నుండో వచ్చినవారు. తెరపై ఆంగ్ల పంక్తులు పరుగెత్తుచుండగా మీ కండ్లలో కనబడు బెదురును మేము ఎరుగుదుం. అది మా కండ్లలోనూ వున్నది. ఆ బెదురును పోగొట్టునది పెద్ద చదువు కాదు. ఒక్కొక్క ప్రశ్నగా విడదీసికొను అలవాటు. కరెంటు వున్నదా? వ్యవస్థకు కనబడినదా? అది ఏమన్నది? నాకు అనుమతి వున్నదా? మరెవరైనా పట్టుకొన్నారా? వస్తువు మంచిదేనా? వ్రాసినది సరిగా వున్నదా? ఈ ఏడు ప్రశ్నలు మా చేత అడిగించినది మీలో ఒకతె. చెడిన డిస్కులలో దక్కినవన్నీ ఆమె ప్రశ్న వలన దక్కినవి. ఆ ప్రశ్న పది సంవత్సరాల క్రితం ఎవరైనా అడిగి వుండినచో ఉస్తాద్ గారి కంఠం కూడ దక్కివుండేది.

ఆ పనికిరాని డిస్కును మేము పారవేయలేదు. దానిపై వారి పేరు, తేదీ వారి శిష్యుడొకరు నస్తాలీఖ్‌లో అందంగా వ్రాసి వున్నారు. లోపలి వ్రాత పోయినది, పైవ్రాత నిలిచినది. గ్రంథాలయంలో ఆ కంప్యూటరు ప్రక్కనే గోడకు దానిని తగిలించినాం. వచ్చే చలికాలపు పరీక్ష దినాన మీరు వచ్చినప్పుడు చూడవచ్చును.